ఎంఐఎం పార్ట్‌లకు లో అల్లాయ్ స్టీల్ ఎంచుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మెటల్ ఇంజెక్షన్ మోల్డింగ్‌ని షాప్‌లో అందరూ ఎంఐఎం అనే అంటారు, ఇక్కడా అలాగే రాస్తున్నాను. తాళాల లోపలి క్యామ్‌లు, పవర్ టూల్స్‌లో రాట్చెట్ పాల్‌లు (ఒకే వైపు తిరగనిచ్చే కొక్కేలు), చిన్న గేర్లు, బండి స్విచ్‌లలో లీవర్లు గీసే డిజైనర్లు, వాటిని కొనే పర్చేజ్ వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. సమాధానాలన్నీ ఒకే పొడవులో లేవు. కొన్ని ప్రశ్నలకు రెండు ముక్కలు చాలు, కార్బన్ గురించి అడిగితే మాత్రం కాస్త ఓపిగ్గా చదవాలి.

ఎంఐఎంలో లో అల్లాయ్ స్టీల్ అంటే ఏయే గ్రేడ్‌లు?

లో అల్లాయ్ అంటే ఇనుములో ఇతర లోహాలు కొద్దిపాళ్లలోనే కలిపిన స్టీల్. ఎక్కువగా వినిపించేవి ఇవి. ఎంఐఎం-2200: ఇనుములో 2 శాతం నికెల్, కార్బన్ దాదాపు ఉండదు. ఎంఐఎం-2700: నికెల్ 7.5 శాతం దాకా, ఇందులోనూ కార్బన్ 0.1 శాతం లోపే. ఎంఐఎం-4605: నికెల్ 2 శాతం, కొద్దిగా మాలిబ్డినం, కార్బన్ 0.4 నుంచి 0.6 శాతం. వీటి తర్వాత క్రోమియం ఉన్నవి: 4140, 4340, 8620, 52100. ఈ చివరి నాలుగూ మామూలు కడ్డీ స్టీల్ పేర్లే. మన వైపు మెషిన్ షాపుల భాషలో చెప్పాలంటే 4140కి దగ్గరిది ఈఎన్ 19, 4340కి ఈఎన్ 24, 52100కి ఈఎన్ 31.

మొదటి మూడింటి పేర్లు అమెరికాలోని మెటల్ పౌడర్ ఇండస్ట్రీస్ ఫెడరేషన్ ప్రమాణం, అంటే ఎంపీఐఎఫ్ స్టాండర్డ్ 35 నుంచి వచ్చాయి. యూరప్ సప్లయర్లు 2200, 2700 కుటుంబాన్ని ఎఫ్ఎన్02, ఎఫ్ఎన్08 అని, 4140ని 42సీఆర్ఎంఓ4 అని, 52100ని 100సీఆర్6 అని రాస్తారు. కొటేషన్‌లో ఈ పేర్లు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. కానీ ఎఫ్ఎన్02 పక్కన ఇంకో రెండంకెలుంటే, ఎఫ్ఎన్0205 లాగా, అవి కార్బన్‌ని సూచిస్తాయి. అప్పుడది 2200 కాదు, 4605కి దగ్గరి బంధువు.

ప్రాసెస్ సంగతి సప్లయర్ చూసుకుంటాడు కదా, గ్రేడ్ ఎంచుకోవడానికి నాకెందుకు?

చూసుకుంటాడు, కానీ మీరు రాసిన గ్రేడ్ అతని ఫర్నేస్‌కి సరిపోతేనే. ప్రాసెస్ క్లుప్తంగా ఇదీ: 20 మైక్రాన్ల లోపు సన్నటి లోహపు పొడిని మైనం, ప్లాస్టిక్ కలిసిన బైండర్‌తో కలుపుతారు. ఘనపరిమాణంలో పొడి సుమారు 60 శాతం, మిగతాది బైండర్. ఈ ఫీడ్‌స్టాక్‌ని ప్లాస్టిక్ లాగానే మోల్డ్‌లోకి ఇంజెక్ట్ చేస్తారు. తర్వాత బైండర్ తీసేస్తారు, అది డీబైండింగ్. చివరగా 1200 డిగ్రీల పైన సింటర్ చేస్తారు, అంటే పొడి రేణువులు ఒకదానికొకటి అతుక్కునేలా వేడి చేస్తారు. బైండర్ ఉన్న ఖాళీ మూసుకుపోతుంది కాబట్టి పార్ట్ ఎండలో పెట్టిన వడియంలా ముడుచుకుంటుంది. 60 శాతం నుంచి 97 శాతం సాంద్రతకు రావాలంటే ప్రతి కొలతా దాదాపు 15 శాతం తగ్గాలి. అందుకే మోల్డ్‌ని సుమారు 1.17 రెట్లు పెద్దదిగా చేస్తారు.

గ్రేడ్‌కీ ఈ 1.17కీ సంబంధం ఉంది. మోల్డ్ చేశాక “4605 వద్దు, 4140 చేయండి” అంటే, కొత్త ఫీడ్‌స్టాక్ కూడా సరిగ్గా అంతే ముడుచుకోవాలి. 20 మిల్లీమీటర్ల కొలతలో 1 శాతం తేడా వచ్చినా 0.2 మిల్లీమీటర్లు పోయినట్టే, అంటే టూల్ మళ్లీ చెక్కాలి. గ్రేడ్ విషయంలో అనుమానాలన్నీ టూల్ ఆర్డర్ ఇవ్వకముందే తేల్చుకోవాలి.

ఏ గ్రేడ్‌తో మొదలుపెట్టమంటారు?

బలం, గట్టిదనం కావాలి, తుప్పు సంగతి ప్లేటింగ్‌తోనో గ్రీజుతోనో గట్టెక్కుతుంది అనుకుంటే 4605తో మొదలుపెట్టండి. వద్దనడానికి గట్టి కారణం దొరికితేనే వేరే గ్రేడ్‌కి వెళ్లండి. నన్నడిగితే లో అల్లాయ్ పార్ట్‌లలో ఎక్కువ వాటికి ఆ కారణం దొరకదు.

4605 మీద ఇంత మొగ్గు ఎందుకంటే, ఇందులోని నికెల్, మాలిబ్డినం రెండిటి ఆక్సైడ్‌లూ ఫర్నేస్‌లో తేలిగ్గా విడిపోతాయి. క్రోమియం ఆక్సైడ్ అలా కాదు, మొండిది. దాన్ని విడగొట్టాలంటే తేమ బాగా తక్కువున్న వాతావరణం, ఎక్కువ వేడి కావాలి. కాబట్టి 4605 చిన్నాచితకా తేడాలను తట్టుకుంటుంది. దాదాపు ప్రతి ఎంఐఎం సప్లయర్ దగ్గరా ఫీడ్‌స్టాక్ సిద్ధంగా ఉంటుంది. క్వెంచింగ్ చేస్తే, అంటే బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చితే, గోడలు పల్చగా ఉన్న చిన్న పార్ట్ లోపలిదాకా గట్టిపడుతుంది.

డేటాషీట్‌లో 4605కి ఒకచోట 440, ఇంకోచోట 1655 మెగాపాస్కల్స్ అని ఉంది. ఏది నిజం?

రెండూ నిజమే. సింటరింగ్ నుంచి బయటికొచ్చిన 4605 టెన్సైల్ (లాగితే తెగే) బలం సుమారు 440, యీల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం) 205, సాగుదల 15 శాతం, హార్డ్‌నెస్ 62 హెచ్ఆర్‌బీ. అదే పార్ట్‌ని క్వెంచ్ చేసి తక్కువ వేడిలో టెంపర్ చేస్తే (పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడి చేస్తే) బలం సుమారు 1655, యీల్డ్ 1480, హార్డ్‌నెస్ 48 హెచ్ఆర్‌సీ, సాగుదల 2 శాతానికి పడిపోతుంది. హెచ్ఆర్‌బీ మెత్తటి లోహాలకు, హెచ్ఆర్‌సీ గట్టివాటికి వాడే రాక్‌వెల్ హార్డ్‌నెస్ స్కేళ్లు. ఇవి టిపికల్ విలువలు, గ్యారంటీ కనిష్ఠాలు వీటికన్నా తక్కువ. డిజైన్ లెక్కలకు కనిష్ఠ విలువలే వాడండి.

డ్రాయింగ్ మీద “మెటీరియల్: ఎంఐఎం-4605” అని మాత్రమే రాసి వదిలేస్తే సప్లయర్ ఏ స్థితిలో పంపినా తప్పు పట్టలేం. స్టీల్ పేరు ఒక్కటే, కానీ బలంలో తేడా దాదాపు నాలుగు రెట్లు. హీట్ ట్రీట్‌మెంట్ స్థితి రాయని డ్రాయింగ్‌లో మెటీరియల్ సగమే రాసినట్టు.

2 శాతం సాగుదల చూస్తే భయమేస్తోంది. దెబ్బ తగిలితే విరిగిపోదా?

దెబ్బ తగిలే పార్ట్‌కి ఆ భయం న్యాయమైనదే. 48 హెచ్ఆర్‌సీ నిజంగా అవసరమా అని ముందు అడగండి. టెంపరింగ్ వేడిని 400 డిగ్రీలు దాటిస్తే గట్టిదనం కొంత పోయి, బదులుగా పెళుసుదనం తగ్గుతుంది. మధ్యలో 260 నుంచి 370 డిగ్రీల ప్రాంతాన్ని మాత్రం వదిలేయాలి. ఆ వేడిలో టెంపర్ చేస్తే గట్టిదనమూ పోతుంది, దెబ్బ తట్టుకునే శక్తీ తగ్గుతుంది. ఇది ఎంఐఎంకే ప్రత్యేకం కాదు, ఈ రకం స్టీల్స్ అన్నిటికీ ఉన్న గుణమే.

విరిగిన పార్ట్‌ని చూస్తే పగులు తరచుగా లోపలి మూలలో, వంపు వ్యాసార్థం లేనిచోట మొదలవుతుంది. గ్రేడ్ మార్చేముందు అక్కడ 0.4 లేదా 0.5 మిల్లీమీటర్ల రేడియస్ ఇచ్చి చూడండి. మోల్డ్‌లో రేడియస్ ఇవ్వడానికి ఖర్చేమీ ఉండదు.

కార్బన్ గురించి అందరూ ఇంత గోల ఎందుకు చేస్తారు?

కడ్డీ కొన్నప్పుడు కార్బన్ స్టీల్ మిల్లులోనే తేలిపోతుంది. ఈఎన్ 19 కడ్డీలో ఎంతుందో సర్టిఫికెట్‌లో ఉంటుంది, మీరు ఎలా కోసినా అది మారదు. ఎంఐఎంలో అలా కాదు. పార్ట్‌లో చివరికి ఎంత కార్బన్ మిగులుతుందన్నది సింటరింగ్ ఫర్నేస్‌లో తేలుతుంది. గ్రేడ్ పేరు ఒక ఉద్దేశం మాత్రమే.

చిన్న లెక్క చూడండి. సన్నటి పొడికి ఉపరితలం ఎక్కువ కాబట్టి ఆక్సిజన్ కూడా ఎక్కువ పట్టుకుని ఉంటుంది. పొడిలో 0.2 శాతం ఆక్సిజన్ ఉందనుకుందాం. వేడెక్కాక ఆ ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్‌గా బయటికి పోతే, 16 పాళ్ల ఆక్సిజన్ 12 పాళ్ల కార్బన్‌ని తీసుకెళ్తుంది. అంటే 0.15 శాతం కార్బన్ గాల్లో కలిసిపోయింది. 0.5 శాతం ఉండాల్సిన 4605లో 0.35 మాత్రమే మిగిలింది, గ్రేడ్ కనిష్ఠం 0.4 కన్నా కింద. క్వెంచ్ చేశాక వచ్చే గరిష్ఠ హార్డ్‌నెస్ ప్రధానంగా కార్బన్ మీదే ఆధారపడుతుంది: 0.5 శాతానికి 60 హెచ్ఆర్‌సీ దగ్గరికి వచ్చేది, 0.35 శాతానికి 53 ప్రాంతంలోనే ఆగిపోతుంది. నికెల్, మాలిబ్డినం అక్షరాలా స్పెక్‌లోనే ఉంటాయి. పార్ట్ మాత్రం మెత్తగా వస్తుంది.

తెలివైన సప్లయర్ ఈ నష్టాన్ని ముందే లెక్కగట్టి ఫీడ్‌స్టాక్‌లో కాస్త ఎక్కువ గ్రాఫైట్ వేస్తాడు, లేదా కార్బన్ ఎక్కువున్న కార్బొనిల్ ఇనుప పొడిని, కార్బన్ తీసేసిన రెడ్యూస్డ్ పొడిని సరైన పాళ్లలో కలుపుతాడు. ఇక్కడితో కథ అయిపోలేదు. ఫర్నేస్‌లో హైడ్రోజన్ ఉంటే ఆక్సైడ్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది, ఆ ఆవిరి మళ్లీ కార్బన్‌ని తినేస్తుంది. గ్యాస్ ఎంత వేగంగా పారుతోంది, ట్రేలో ఎన్ని పార్ట్‌లున్నాయి, పార్ట్ ట్రే మధ్యలో ఉందా అంచున ఉందా అనేదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. మరోవైపు బైండర్ పూర్తిగా పోకపోతే దాని మసి మిగిలి కార్బన్ పెరుగుతుంది. 2200లాంటి తక్కువ కార్బన్ గ్రేడ్‌కి ఇది పెద్ద తలనొప్పి.

ఇందులో సప్లయర్ ఎంపిక కూడా దాగి ఉంది. రోజంతా 316ఎల్ స్టెయిన్‌లెస్‌ని హైడ్రోజన్‌లో సింటర్ చేసే ఫర్నేస్‌లోనే ఖాళీ ట్రే దొరికిందని 4605ని దూరిస్తే కార్బన్ పోవడం ఖాయం. స్టెయిన్‌లెస్‌కి కార్బన్ పోవడమే కావాలి, 4605కి పోకూడదు. 4605ని సాధారణంగా నైట్రోజన్ ప్రధానంగా ఉన్న వాతావరణంలో చేస్తారు. గ్రాఫైట్ ఫర్నేసా, మాలిబ్డినం ఫర్నేసా, కంటిన్యువస్ ఫర్నేసా అని అడగడం అతిగా ప్రశ్నించడం కాదు, గ్రేడ్ ఎంపికలో అది సగం పని.

మా పాత డ్రాయింగ్‌లో ఈఎన్ 19 ఉంది. అలాగే 4140కి వెళ్లిపోవచ్చు కదా?

వెళ్లొచ్చు, బలంలో 4605తో దాదాపు సమానంగా ఉంటుంది. నికెల్ వాడకూడదన్న షరతు ఉన్న కస్టమర్లకు 4140యే దారి. అయితే రెండు జాగ్రత్తలు. ఒకటి, పైన చెప్పిన క్రోమియం ఆక్సైడ్ సంగతి. క్రోమియంని విడి పొడిగా కలపరు, మాస్టర్ అల్లాయ్‌గానో ముందే కరిగించి కలిపిన ప్రీఅల్లాయ్డ్ పొడిగానో తెస్తారు. ఫర్నేస్ శుభ్రంగా లేకపోతే గింజల మధ్య ఆక్సైడ్ మిగిలి దెబ్బ తట్టుకునే శక్తిని చంపేస్తుంది.

రెండోది పేరు చేసే మోసం. కడ్డీ 4140లో 0.75 నుంచి 1 శాతం మాంగనీస్ ఉంటుంది, గట్టిపడే లోతుని పెంచేవాటిలో అదొకటి. మాంగనీస్ తేలిగ్గా ఆక్సైడ్ అవుతుంది, వాక్యూమ్‌లో ఆవిరైపోతుంది. కాబట్టి ఎంఐఎం 4140లో మాంగనీస్ ఎంతుందో సప్లయర్‌ని అడిగి రాయించుకోండి. 3 మిల్లీమీటర్ల గోడకి తేడా తెలియకపోవచ్చు. 8 మిల్లీమీటర్ల బాస్ (మందంగా పొడుచుకొచ్చిన భాగం) మధ్యలో తెలుస్తుంది.

పాత డ్రాయింగ్‌లో ఈఎన్ 19 ఎందుకు ఉందో కూడా చూడండి. చాలాసార్లు అప్పుడు షాప్‌లో ఆ కడ్డీ స్టాక్ ఉంది, అంతే. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో మెషినింగ్ చేయించిన రోజుల నిర్ణయాన్ని ఎంఐఎంలోకి మోసుకురావాల్సిన పని లేదు.

పైన గట్టిగా, లోపల మెత్తగా కావాలంటే?

తక్కువ కార్బన్ గ్రేడ్ తీసుకుని కేస్ హార్డెనింగ్ చేయించాలి. అంటే ఉపరితలంలోకి కార్బన్ ఎక్కించి (అది కార్బురైజింగ్) పై పొరని, అంటే కేస్‌ని మాత్రమే గట్టిపరచడం. 2200, 8620 ఇందుకు బాగా పనికొస్తాయి. ఎంఐఎం బలం ఇక్కడ కనిపిస్తుంది. మామూలు ప్రెస్ చేసి సింటర్ చేసిన పార్ట్‌లలో రంధ్రాలు ఒకదానికొకటి కలిసి ఉంటాయి, కార్బురైజింగ్ గ్యాస్ లోపలిదాకా దూరి కేస్ ఎక్కడ ఆగిందో తెలియదు. ఎంఐఎం పార్ట్ 95 శాతం దాటిన సాంద్రతలో ఉంటుంది, మిగిలిన రంధ్రాలు విడివిడిగా మూసుకుపోయి ఉంటాయి. కాబట్టి కడ్డీ స్టీల్‌లో లాగే 0.3 లేదా 0.5 మిల్లీమీటర్ల కేస్ అడిగి తెచ్చుకోవచ్చు.

గోడ 1 మిల్లీమీటరే ఉంటే రెండు వైపుల నుంచీ 0.4 కేస్ వచ్చి మధ్యలో మెత్తగా 0.2 మాత్రమే మిగులుతుంది. అలాంటి పల్చటి పార్ట్‌కి కేస్ హార్డెనింగ్ అంటే దాదాపు మొత్తం గట్టిపడినట్టే. పళ్ల కొసల దగ్గర ఇంకా జాగ్రత్త, అక్కడ మూడు వైపుల నుంచి కార్బన్ వస్తుంది.

2700ని కార్బురైజ్ చేయాలనుకునేవాళ్లకు ఒక మాట: 7.5 శాతం నికెల్‌కి కార్బన్ తోడైతే క్వెంచ్ తర్వాత కేస్‌లో ఆస్టెనైట్ (వేడిలో ఉండే మెత్తటి స్టీల్ రూపం) మారకుండా మిగిలిపోతుంది, అనుకున్నంత హార్డ్‌నెస్ రాదు. అరుగుదలే ముఖ్యమైతే 2700 కన్నా 2200 లేదా 8620 మేలు.

మరి 2700 ఎందుకుంది?

హీట్ ట్రీట్‌మెంట్ లేకుండా కాస్త బలం, బాగా సాగే గుణం, దెబ్బ తట్టుకునే శక్తి కావాలన్నప్పుడు. సింటర్ చేసిన స్థితిలోనే బలం సుమారు 415 మెగాపాస్కల్స్, సాగుదల 26 శాతం. 2200కైతే ఇవి 290, 40 శాతం. బిగించేటప్పుడు కొసని వంచి లాక్ చేసే పార్ట్‌లకు, రివెట్ లాగా నొక్కే పార్ట్‌లకు ఈ రెండూ సరిపోతాయి. నికెల్ ధర పెరిగితే ముందుగా మోత మోగేది 2700 కొటేషన్‌లోనే.

బేరింగ్ లాంటి అరుగుదల ఉంటే 52100 వేయొచ్చా?

వేయొచ్చు. 1 శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం ఉండడంతో చాలా గట్టిపడుతుంది. కానీ కార్బన్ పెరిగినకొద్దీ స్టీల్ కరగడం మొదలయ్యే వేడి దిగుతుంది, సింటరింగ్‌లో పార్ట్ ఆకారం చెడకుండా పట్టుకోవడం కష్టం. ఈ గ్రేడ్‌ని రోజూ నడిపే సప్లయర్ దొరికితేనే ఎంచుకోండి. లేదంటే 8620కి కేస్ హార్డెనింగ్ చేస్తే సరిపోతుందేమో ముందు చూడండి.

సాంద్రత 7.5 అంటున్నారు, స్టీల్‌కి 7.85 కదా. మిగతాది రంధ్రాలేనా?

అవును, సుమారు 4.5 శాతం రంధ్రాలే. గుండ్రంగా, చిన్నగా, విడివిడిగా ఉంటాయి కాబట్టి మామూలు బలానికి పెద్ద నష్టం లేదు. సాగుదల, ఫెటీగ్ (పదేపదే పడే లోడ్‌ని తట్టుకునే గుణం) మీద మాత్రం ప్రభావం ఉంటుంది. కోట్లసార్లు తిరగబడే లోడ్ ఉంటే కడ్డీ స్టీల్ ఫెటీగ్ విలువలను ఎంఐఎం పార్ట్‌కి వాడకండి.

హార్డ్‌నెస్ కొలతలో తేడా రావడానికి కూడా రంధ్రాలే కారణం. రాక్‌వెల్ సూది స్టీల్‌నీ రంధ్రాల్నీ కలిపి నొక్కుతుంది, అది చూపించేది పైపై హార్డ్‌నెస్. మైక్రో సూదితో స్టీల్ గింజనే కొలిస్తే 48 బదులు 55 ప్రాంతంలో వస్తుంది. మీ ఇన్‌స్పెక్షన్ వాళ్లు ఒకటి, సప్లయర్ ఇంకోటి కొలిచి గొడవపడే సందర్భాలు బోలెడు. ఏ పద్ధతో డ్రాయింగ్‌లో రాస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఎంత కచ్చితమైన కొలతలు వస్తాయి?

కొలతలో ప్లస్ ఆర్ మైనస్ 0.3 నుంచి 0.5 శాతం. 20 మిల్లీమీటర్లకి 0.06 నుంచి 0.1 మిల్లీమీటర్లు. అంతకన్నా దగ్గరగా కావాల్సిన రంధ్రాన్ని రీమ్ చేయాలి, ముఖాన్ని గ్రైండ్ చేయాలి. ఇందులోనూ గ్రేడ్ పాత్ర ఉంది. 2200, 4605 సింటర్ అయ్యాక మెత్తగా ఉంటాయి కాబట్టి డైలో పెట్టి నొక్కి వంకర తీయొచ్చు, దాన్ని కాయినింగ్ అంటారు. ఫర్నేస్‌లో వేగంగా చల్లార్చితే క్రోమియం గ్రేడ్‌లు అక్కడే కొంత గట్టిపడి కాయినింగ్‌కి లొంగవు. సన్నగా పొడుగ్గా ఉన్న పార్ట్ అయితే ఈ ఒక్క కారణంతోనే నేను 4605 వైపు మొగ్గుతాను. అయితే క్వెంచింగ్‌లో మళ్లీ వంకర వస్తుంది, దానికి విడిగా అలవెన్స్ పెట్టాలి.

తుప్పు పడుతుందా?

పడుతుంది. వీటిలో ఏదీ స్టెయిన్‌లెస్ కాదు. విశాఖలాంటి సముద్రపు గాలిలో ప్యాకింగ్ విప్పిన రెండు మూడు రోజుల్లోనే ఎర్ర మచ్చలు కనిపించవచ్చు, కాబట్టి నూనె రాసి, తుప్పు నిరోధక కాగితంలో చుట్టి పంపమనండి.

జింక్, నికెల్, జింక్-నికెల్ ప్లేటింగ్, ఫాస్ఫేట్, బ్లాకెనింగ్ అన్నీ చేయొచ్చు. రంధ్రాలు మూసుకుని ఉంటాయి కాబట్టి ప్రెస్ చేసిన పార్ట్‌లలో లాగా ప్లేటింగ్ ద్రావణం లోపల ఇరుక్కుని నెల తర్వాత బయటికి ఊరే సమస్య ఉండదు, రెజిన్ నింపక్కర్లేదు. ఒకటే ప్రమాదం. 40 హెచ్ఆర్‌సీ దాటిన పార్ట్‌ని యాసిడ్‌లో ముంచి జింక్ ఎలక్ట్రోప్లేటింగ్ చేస్తే స్టీల్‌లోకి హైడ్రోజన్ చేరుతుంది. బిగించిన కొన్ని గంటలకో రోజులకో చప్పుడు లేకుండా విరుగుతుంది. ప్లేటింగ్ అయిన 4 గంటల లోపు 190 నుంచి 220 డిగ్రీల మధ్య బేకింగ్ చేయించాలి. దీన్ని ప్లేటింగ్ షాప్‌కి నోటిమాటగా చెప్పి ఊరుకోకండి, ఆర్డర్‌లో రాయండి. ఇంకో మెలిక: మీ పార్ట్‌ని 180 డిగ్రీల దగ్గర టెంపర్ చేసి ఉంటే 220 దగ్గర బేకింగ్ చేసినప్పుడు హార్డ్‌నెస్ కాస్త తగ్గుతుంది.

ఈ గొడవంతా ఎందుకు, 17-4 పీహెచ్ స్టెయిన్‌లెస్ వేసేస్తే పోలా?

చాలామంది అదే చేస్తారు, చాలాసార్లు అది సరైన నిర్ణయమే. ఎంఐఎం 17-4 పీహెచ్ ఏజింగ్ (వేడిలో కొంతసేపు ఉంచి గట్టిపరచడం) తర్వాత సుమారు 1190 మెగాపాస్కల్స్ బలం, 33 హెచ్ఆర్‌సీ ఇస్తుంది. క్వెంచింగ్ లేదు కాబట్టి వంకర దాదాపు రాదు, ప్లేటింగ్ లేదు. పొడి ఖరీదెక్కువ. కానీ 5 గ్రాముల పార్ట్‌లో పొడి ఖర్చు తేడా కన్నా హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్, బేకింగ్ ఖర్చులు కలిపితే ఎక్కువ కావచ్చు. రెండు దారులకీ మొత్తం ఖర్చు వేయించండి, కిలో రేటు మాత్రమే చూసి తేల్చకండి.

33 హెచ్ఆర్‌సీ చాలని చోటే, అంటే పాల్ కొస, క్యామ్ ముఖం, గేర్ పన్ను లాంటి చోట్ల లో అల్లాయ్ స్టీల్‌కి ఎదురులేదు. పార్ట్ బరువు 30, 40 గ్రాములు దాటినా లెక్క లో అల్లాయ్ వైపు తిరగడం మొదలవుతుంది.

ఎంత పెద్ద పార్ట్ చేయొచ్చు?

గోడ 6 మిల్లీమీటర్ల లోపు, బరువు 100 గ్రాముల లోపు ఉంటే హాయిగా ఉంటుంది. గోడ మందమైనకొద్దీ బైండర్ బయటికి రావడానికి ఎక్కువ సమయం పడుతుంది, బుడగలు, పగుళ్లు వస్తాయి. మందమైన చోట లోపల ఖాళీ చెక్కించడం గ్రేడ్ మార్చడం కన్నా మంచి మందు.

టూల్ కట్టకముందు ఈఎన్ 19 కడ్డీలోంచి ప్రోటోటైప్ చెక్కించి పరీక్షించొచ్చా?

బిగింపు, కదలిక చూడడానికి సరే. విరిగేదాకా పరీక్షించడానికి, జీవితకాలం తేల్చడానికి పనికిరాదు. కడ్డీలో రంధ్రాలుండవు, నూటికి నూరు శాతం సాంద్రత, గింజ దిశ వేరు. కడ్డీ పార్ట్ పాసైందని ఎంఐఎం పార్ట్ పాసవుతుందనుకోకూడదు. మొదటి టూల్ నుంచి వచ్చిన పార్ట్‌లతో మళ్లీ పరీక్ష చేయడానికి ప్రాజెక్ట్ షెడ్యూల్‌లో ముందే సమయం పెట్టుకోండి.

మన దగ్గర ఎవరైనా చేస్తారా?

చేస్తారు. బెంగళూరు కేంద్రంగా ఉన్న ఇండో-ఎంఐఎం ప్రపంచంలోనే పెద్ద ఎంఐఎం తయారీదారుల్లో ఒకటి, తిరుపతి దగ్గర కూడా ప్లాంటు ఉంది. పౌడర్ మెటలర్జీ పరిశోధనకి హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ ఉంది. ఆర్డర్ చిన్నదైతే పెద్ద కంపెనీలు ఆసక్తి చూపకపోవచ్చు. టూల్ ఖర్చు తిరిగి రావాలంటే సాధారణంగా ఏడాదికి వేలల్లో పార్ట్‌లుండాలి.

సప్లయర్‌ని ఏం అడగాలి?

మొదట ఇది: “మీ దగ్గర ఈ గ్రేడ్ నెలనెలా నడుస్తోందా, లేక మా కోసమే మొదలుపెడతారా?” మా కోసమే అయితే వేరే గ్రేడ్ గురించి ఆలోచించండి. తర్వాత కార్బన్ సంగతి. ప్రతి సింటరింగ్ లాట్‌కీ కార్బన్ కొలుస్తారా, ట్రేలో ఏ చోటి నుంచి శాంపిల్ తీస్తారు అని అడగండి. అంచు నుంచి, మధ్య నుంచి రెండూ తీస్తామంటే పని తెలిసినవాళ్లు.

ఆ పైన ఒక పార్ట్‌ని అడ్డంగా కోయించి, పాలిష్ చేయించి, అంచు నుంచి లోపలికి మైక్రో హార్డ్‌నెస్ కొలిపించండి. ఉపరితలం దగ్గర మొదటి 0.1 మిల్లీమీటర్‌లో అంకెలు పడిపోయి ఉంటే అక్కడ కార్బన్ పోయినట్టు. రసాయన పరీక్ష మొత్తం పార్ట్ సగటునే చూపిస్తుంది కాబట్టి ఆ సర్టిఫికెట్‌లో 0.45 శాతం అని చక్కగా ఉంటుంది. అరిగేది మాత్రం ఆ పల్చటి మెత్తటి పొరే. రాట్చెట్ పాల్ కొస కొద్దిరోజుల్లోనే గుండ్రబడిపోతోందంటే నేను ముందు చూసేది ఈ పొరనే, గ్రేడ్‌ని కాదు.

చివరగా, డ్రాయింగ్‌లో ఏం రాయాలి?

తాళం క్యామ్ ఒకటి అనుకుని రాస్తాను, మీ పార్ట్‌కి తగ్గట్టు మార్చుకోండి. మెటీరియల్: ఎంఐఎం-4605, ఎంపీఐఎఫ్ 35 ప్రకారం (లేదా ఏఎస్‌టీఎం బీ883, ఐఎస్ఓ 22068లో దానికి సరిపడే గ్రేడ్). స్థితి: క్వెంచ్ చేసి టెంపర్ చేసినది. పూర్తయిన పార్ట్‌లో కార్బన్: 0.4 నుంచి 0.6 శాతం. సాంద్రత: కనీసం ఇంత, మీ సప్లయర్‌తో మాట్లాడి అంకె వేయండి. హార్డ్‌నెస్: 42 నుంచి 48 హెచ్ఆర్‌సీ, కొలిచే చోటు బొమ్మలో బాణంతో చూపించినది, పైపై హార్డ్‌నెస్ పద్ధతిలో. క్యామ్ ముఖం మీద డీకార్బురైజ్ అయిన (కార్బన్ పోయిన) పొర: 0.05 మిల్లీమీటర్లకు మించకూడదు. ప్లేటింగ్ ఉంటే బేకింగ్ షరతు. ఇంజెక్షన్ గేట్ మచ్చ, ఎజెక్టర్ పిన్ గుర్తులు ఎక్కడ ఉండకూడదో కూడా చూపించండి, లేకపోతే టూల్ డిజైనర్ తనకి వీలైన చోట పెడతాడు, అది సరిగ్గా మీ క్యామ్ ముఖం మీదే అవ్వొచ్చు.